మూత తీసిందెవరు

"ఇంగొకసారి చెప్పు" అన్నాడు నిస్సార్.

శిరీన్ జొన్నపిండి ముద్దను పీట మీద పెట్టి, అరచెయ్యి తడుపుకొని, గుండ్రంగా తిప్పుతూ తడుతోంది. పెనం మీద అంతకుముందు వేసిన రొట్టె కాలుతోంది. ఇంట్లో నలుగురికీ, ఇంటి వెనక షెడ్డులో పనిచేసేవాళ్ళకూ పొద్దున్నే ఆమే రొట్టెలు కాల్చాలి. ఆమె భర్త నిస్సార్ వంటింటి గడపకు లోపల ఒక కాలు, బయట ఒక కాలు పెట్టి నిలబడ్డాడు. అప్పుడే స్నానం చేసి తెల్లచొక్కా తొడుక్కున్నాడు. పదకొండు గంటలకు ఇన్‌స్పెక్టర్ వస్తాడు.

"మిషన్‌కి మూత ఉండింది సార్. భీమక్కే తీసింది. మేము చూల్లేదు" అంది శిరీన్, రొట్టె మీదనుంచి కళ్ళెత్తకుండా.

"చూల్లేదు అనాకు మే. తెలీదు అను. చూల్లేదంటే అప్పుడు నువ్వు యాడుండావని అడుగుతాడు ఆయప్ప. తెలీదంటే ఇంగేం అడగడు. ఆడమనిషివి, నీకు తెలీకపోతే ఎవురూ తప్పు పట్టరు."

ఆ చివరి మాట దగ్గర శిరీన్ చెయ్యి పిండి మీద ఆగింది. నిజమే, ఎవరూ తప్పు పట్టరు. రాయచోటి నుంచి ఈ కల్లూరికి కోడలుగా వచ్చి పద్దెనిమిదేళ్ళు. ఆమెకు ఏమీ తెలియకపోవడమే ఇంటిల్లిపాదికీ వీలుగా ఉంటూ వచ్చింది. ఇంటర్ పాసై వచ్చిన పిల్ల. మొదట్లో ఏదైనా అడిగితే "నీకేం తెలుసు" అనేవాడు నిస్సార్. తర్వాత అడక్కముందే అనడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత అనాల్సిన అవసరం కూడా లేకుండా పోయింది. తనకు తానే అనుకోవడం అలవాటైంది, నాకేం తెలుసులే అని. కానీ పరుపుల్లోకి ఏ రకం దూదిలో ఏ రకం కలిపితే గడ్డకట్టదో ఆమెకు తెలుసు. షెడ్డులో మిషన్ శబ్దం విని, వంటింట్లోంచే, రోలరు మీద దూది మందంగా పడిందా పలచగా పడిందా చెప్పగలదు. ఇంట్లో అంట్లూ బట్టలూ అయ్యాక రోజుకు ఆరు గంటలు ఆ మిషన్ ముందు కూర్చునేది ఆమే. కనురెప్పల మీదికి నూగు చేరి, దగ్గు పట్టుకొని, జుట్టు ముసలమ్మ జుట్టులా తెల్లబడేది. పనివాళ్ళకు శనివారం కూలి ఇచ్చేటప్పుడు ఆ వరసలో ఆమె ఎప్పుడూ లేదు. "ఇంటిదానికి కూలేంది?" అని ఒకసారి అత్త మదార్ బీ నవ్వింది. శిరీన్ కూడా నవ్వింది.

"రొట్టె మాడుతాంది చూడు" అని నిస్సార్ వెళ్ళిపోయాడు.

పన్నెండు రోజుల కింద అదే మిషన్ షెడ్డులో పరుపులు కుట్టే భీమక్క కుడిచేతి మూడు వేళ్ళు తీసుకుంది.

దూది ఏకే మిషన్ అది. లోపల ముళ్ళ రోలరు తిరుగుతుంటే, ముందు నోట్లోంచి ముతక దూదిని అందిస్తూ ఉండాలి. ఆ నోటికి ఇనపమూత ఉంటుంది. మూత కింద సందులోంచి కొంచెం కొంచెంగానే దూది పోతుంది, చెయ్యి పోదు. నెల కింద ఒక కాలేజీ హాస్టలు నుంచి పెద్ద ఆర్డరు వచ్చింది. మూత ఉంటే పని సాగడంలేదని, విప్పెయ్యమని మిషన్ చూసే ఏసేపుకు నిస్సార్ చెప్పాడు. ఏసేపు రెండు నిమిషాలు తల గోక్కున్నాడు. "ప్రమాదమేమోన్నా" అన్నాడు. "జాగ్రత్తగా చేసుకుంటే ఏం కాదులే" అన్నాడు నిస్సార్. అప్పుడు స్పానర్ అరుగు మీద ఉంది. "ఏమ్మే, అది ఇట్లియ్యి" అంటే తీసి ఇచ్చింది శిరీనే.

ప్రమాదం జరిగిన రోజు మిషన్ ముందు కూర్చున్నదీ శిరీనే. మధ్యాహ్నం దాటాక ఇంట్లోంచి అత్త పిలిచింది. ఆడబిడ్డ తరఫువాళ్ళు వచ్చారు, టీ పెట్టాలి. ఇంట్లో మదార్ బీ ఉంది, కాలేజీ లేని రోజు కాబట్టి తన కూతురు షమా ఉంది. అయినా టీ శిరీనే పెట్టాలి. ఆమె లేచి, అవతల పరుపులు కుడుతున్న భీమక్కను పిలిచింది. "రవ్వంతసేపు ఈడ కూచో భీమక్కా. పది నిమిషాల్లో వస్తా" అంది.

పాలు పొంగకముందే మిషన్ శబ్దం మారింది. శిరీన్‌కు ఆ శబ్దం ఏమిటో తెలిసిపోయింది. భీమక్క కేక తర్వాత వినిపించింది.

నిస్సార్, ఏసేపు కలిసి ఆమెను ఆటోలో కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయారు. గంట తర్వాత నిస్సార్ ఫోన్ చేశాడు. ప్రాణానికి భయం లేదన్నాడు. ఆ వెంటనే, మిషన్ కడిగిపెట్టు, ఏసేపును పంపిస్తాండా, మూత బిగిస్తాడు అన్నాడు. శిరీన్ బకెట్టుతో నీళ్ళు తెచ్చుకొని మోకాళ్ళ మీద కూర్చొని కడిగింది. రోలరు ముళ్ళ మధ్య నుంచి ఎర్రబడిన దూదిని ఒక్కొక్క పోగూ పెరికి తీసింది. ఆ దూదిని ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. షెడ్డు వెనక గుంత తవ్వి పూడ్చింది. అంతసేపూ ఆమెకు ఏడుపు రాలేదు. చేతులు కడుక్కుంటుంటే మాత్రం పది వేళ్ళూ కనిపించాయి. అక్కడ కూర్చోవాల్సింది నేను. పోవాల్సినవి నా వేళ్ళు. టీ పెట్టేదానికి లేచి బతికినా.

ఆసుపత్రివాళ్ళు రాసుకున్న కాగితం పోలీసులకు, అక్కణ్ణుంచి ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్‌కు పోయింది. వారానికి నోటీసు వచ్చింది. పోస్ట్‌మన్ గుమ్మంలో నిలబడి "శిరీన్ అంటే ఎవరమ్మా, ప్రొప్రయిటర్" అని అడిగాడు. నిస్సార్ చెయ్యి చాపితే, ఇది ఆమె చేతికే ఇవ్వాలన్నాడు. అప్పుడు తెలిసింది శిరీన్‌కు, ఆ షెడ్డు, మిషన్, కరెంటు మీటరు, అన్నీ తన పేరు మీద ఉన్నాయని. ఆడవాళ్ళ పేరు మీదైతే లోను సుళువుగా వస్తుందని ఐదేళ్ళ కింద నిస్సార్ ఆమెను ఆఫీసుకు తీసుకుపోయాడు. అక్కడ చూపించినచోటల్లా సంతకాలు పెట్టింది. ఏమిటని అడగలేదు. నోటీసులో తన పేరు ఆమె మూడుసార్లు చదువుకుంది. కింద ఉన్నదాన్ని కూడా చదివింది. ప్రమాదానికి యాజమాన్యం బాధ్యత అని రుజువైతే శిక్ష ఎవరి మీదికి వస్తుందో అందులో రాసి ఉంది.

నిస్సార్ వెంటనే శేషన్న దగ్గరికి పరుగెత్తాడు. శేషన్న ఆ వార్డులో పెద్దమనిషి. తగాదాలు తీరుస్తాడు, ఆఫీసుల్లో పనులు చేయిస్తాడు. మూత ఉంటే యాజమాన్యం తప్పు ఉండదు, పనిచేసే మనిషే తీసిందంటే కేసే నిలవదు అని ఆయన దారి చూపించాడు. భీమక్కతో మాట్లాడే పని కూడా తన మీదే వేసుకున్నాడు.

మొన్న శిరీన్ రొట్టెలూ పప్పూ డబ్బాలో సర్దుకొని షేరాటో ఎక్కి ఆసుపత్రికి పోయింది. దర్గాకు పోయొస్తానని ఇంట్లో చెప్పింది. పెళ్ళయ్యాక ఆమె చెప్పిన మొదటి పెద్ద అబద్ధం అదే. భీమక్క మంచం మీద గోడకు ఒరిగి కూర్చొని ఉంది. కుడిచెయ్యి మోచేతి దాకా కట్టు. శిరీన్‌ను చూసి లేవబోయింది, అలవాటు కొద్దీ. పక్కన ఆమె కూతురు హర్షిణి ఉంది. డిగ్రీ రెండో సంవత్సరం పిల్ల.

దారంతా కూడబలుక్కున్న మాటలు మంచం దగ్గరికి వచ్చేసరికి పనికిరానివైపోయాయి. భీమక్కే తేలిక చేసింది. "రొండు దినాలాయ మా, తల చిక్కులు పడి. ఈ పిల్లకు జడ అల్లేది చేతకాదు. రవ్వంత దువ్వుతావా?" అంది.

శిరీన్ మంచం వెనక్కి పోయి దువ్వెన తీసుకుంది. మొహాలు కనిపించకపోతే మాటలు సుళువు. దువ్వుతూ ఉంటే భీమక్కే చెప్పింది, శేషన్న వచ్చి పోయిన సంగతి. నేనే మూత తీసినానని రాసిన కాగితం తెచ్చినాడు, ఎడమచేత్తో ఏలిముద్ర వేసినా అంది.

"ఎందుకేసినావు భీమక్కా?" అంది శిరీన్. తన గొంతు తనకే దొంగ గొంతులా వినిపించింది.

"ఎయ్యకపోతే మిషన్ ఆపేస్తారంట కదా. అది ఆగితే మీకూ ల్యాదు, మాకూ ల్యాదు. నిస్సారన్న మంచోడే. ఆసుపత్రి కర్చు పెట్టినాడు. నా చేత్తో ఇంగ సూది పట్టేది కాదు. సోమారం నుంచి హర్షిణి వస్తాది నా బదులు. అన్న సరే అన్యాడు."

శిరీన్ దువ్వెన ఆపి హర్షిణి వైపు చూసింది. పిల్ల కిటికీ బయటికి చూస్తోంది. సన్నటి పొడుగాటి వేళ్ళు. గోళ్ళకు పాత రంగు సగం చెరిగి ఉంది.

"కుట్టేదానికా?" అంది శిరీన్.

"దానికి కుట్టు రాదు కదా మా. మిషన్ కాడ కూర్చోబెడతాన్యాడు."

జడ చివర రబ్బరు వేసి శిరీన్ వచ్చేసింది. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో తనను తాను సముదాయించుకుంది. మూత బిగించారు కదా, ఇంక భయం లేదు, హర్షిణికి ఏం కాదు. ఆ ఒక్క మాట పట్టుకొని నిన్న సాయంత్రం దాకా నెట్టుకొచ్చింది. నిన్న సాయంత్రం ఆరేసిన బట్టలు తీయడానికి షెడ్డు పక్కకు పోతే లోపల నిస్సార్, ఏసేపు మాట్లాడుకుంటున్నారు. బోల్టులు మరీ బిగించొద్దని నిస్సార్ చెబుతున్నాడు. "రేపు ఆయప్ప వచ్చి పోతాడు. ఎల్లుండి మళ్ళీ విప్పేద్దాం. హాస్టలోళ్ళు ఊపిరి తీసుకోనిస్తల్యా."

బట్టలు చేతిలో పట్టుకొని శిరీన్ అక్కడే నిలబడిపోయింది. లోపలికి పోయి ఏదో ఒకటి అనాలనిపించింది. కాళ్ళు ఇంటివైపే నడిచాయి. కూర తరగాలి, షమాకు రికార్డు బుక్కుకు అట్ట వేయాలి, అత్త మోకాళ్ళకు నూనె రాయాలి. అన్నీ చేసింది.

నూనె రాస్తున్నప్పుడే మదార్ బీ మొదలుపెట్టింది. ఆమె చెడ్డ మనిషి కాదు. భర్త దూది ఏకే విల్లు భుజానేసుకొని ఊరూరా తిరుగుతుంటే, చంకలో బిడ్డతో వెనకాలే నడిచిన మనిషి. ఎవరి వసారాలోనో పడుకొని, వాళ్ళు పెట్టింది తిని, వాళ్ళ పాత పరుపులు ఏకి కుట్టి ఇచ్చి, మళ్ళీ ఇంకో ఊరు. "ఎండకు కాళ్ళు పగిలి నెత్తురు కారేది మే" అని ఎప్పుడూ చెప్పే మాటే చెప్పింది. ఆ తర్వాత కోడలి చెయ్యి పట్టుకుంది. "ఆ షెడ్డు ఊరికే రాలేదు. రేపు నీ నోరు జారితే మళ్ళీ ఊర్లెంబడి పడాల్సిందే. నీకు ఆడపిల్ల ఉండాది. గెవనం పెట్టుకో."

గమనం పెట్టుకుంది శిరీన్. పొద్దున రొట్టెలు కాలుస్తున్నంతసేపూ అదే తలపు. పొమ్మంటే పోవడానికి ఇల్లు లేదు. రాయచోటిలో అమ్మ తమ్ముడి ఇంట్లో ఒక మూల ఉంటోంది. నిన్న ఫోన్‌లో ఏదో అడగబోతే "సర్దుకోమ్మా, మనకెందుకు" అంది. కేసు పడితే తన మీదే పడుతుంది. జైలంటే ఏమిటో కూడా తెలియదు. షమా ఇంటర్ చదువు, దాని పెళ్ళి, ఊళ్ళో మాటలు. ఇవన్నీ ఒక వైపు. ఇంకో వైపు ఏముందని చూస్తే, రంగు చెరిగిన గోళ్ళు. ఎంత ఆలోచించినా ఆ రెండూ తూకానికి వచ్చేవి కావు. ఆలోచిస్తే ఎప్పుడూ భయమే బరువు తూగుతుందని ఆమెకు అర్థమైంది. పద్దెనిమిదేళ్ళూ అట్లా ఆలోచించే గడిపింది.

ఇన్‌స్పెక్టర్ పదకొండున్నరకు వచ్చాడు. రిటైర్‌మెంట్‌కు దగ్గరపడ్డ మనిషి, మెడలో కర్చీఫు, చంకలో ఫైలు. షెడ్డులో నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ఒకదాంట్లో ఆయన, ఒకదాంట్లో ఆయన వెంట వచ్చిన గుమాస్తా, ఒకదాంట్లో శేషన్న, ఒకదాంట్లో నిస్సార్. కుట్టేవాళ్ళు పని ఆపి గోడ పక్కన నిలబడ్డారు. శిరీన్ టీ గ్లాసుల పళ్ళెంతో వచ్చింది. మిషన్‌ను కొత్తగా నూనెగుడ్డతో తుడిచారు. మూత మెరుస్తోంది.

ఇన్‌స్పెక్టర్ మూతను చేత్తో కదిపి చూశాడు. మూత ఎవరు తీశారని ఏసేపును అడిగాడు. ఏసేపు నేల చూస్తూ తెలీదు సార్ అన్నాడు. శేషన్న భీమక్క వేలిముద్ర ఉన్న కాగితం తీసి ఇచ్చాడు. ఆయన చదివి ఫైల్లో పెట్టుకున్నాడు. అంతా సాఫీగా సాగిపోతోంది. నిస్సార్ ముఖంలో పన్నెండు రోజులుగా లేని రక్తం కనిపిస్తోంది.

"ప్రొప్రయిటర్ శిరీన్ ఎవరు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"నా భార్య సార్. పేరుకే ఆమెది. ఇంట్లో ఉంటాది, ఏం తెలీదు. అన్నీ నేనే చూసుకుంటాండా" అన్నాడు నిస్సార్. శిరీన్ చేతిలో టీ పళ్ళెం నిస్సార్ భుజం పక్కనే ఉంది.

"అయినా ఆమె స్టేట్‌మెంట్ కావాలి. రూలు."

నిస్సార్ తల తిప్పి ఆమెను చూశాడు. చెప్పు అన్నట్టు రెప్పలు ఆడించాడు, పాఠం అప్పగించమని పిల్లకు చెప్పినట్టు. శిరీన్ పళ్ళెం పెట్టడానికి చోటు వెతికింది. దొరకలేదు. గోడ పక్కన నిలబడ్డ నాగజ్యోతి చేతికి ఇచ్చింది. చేతులు ఖాళీ అయ్యాక మరీ భయమేసింది. పొద్దున నుంచీ అప్పగిస్తున్న మాటే మొదట నాలుక మీదికి వచ్చింది. 'మిషన్‌కి మూత ఉండింది' దాకా వచ్చింది.

"మిషన్‌కి మూత ఉండింది సార్" అంది. మెరుస్తున్న మూతను చూసింది. "నెల కింద విప్పేసినాము. ఏసేపు విప్పినాడు. విప్పమన్నది మా ఇంటాయన. స్పానర్ అందిచ్చింది నేను."

"మే" అన్నాడు నిస్సార్, చాలా మెల్లగా. ఆ గొంతులో కోపం కంటే వేడుకోలు ఎక్కువుంది. ఆమెకు అది కోపం కంటే కష్టమనిపించింది. అందుకే ఆయన వైపు చూడలేదు. చూస్తే ఆగిపోతానని తెలుసు.

"ఆ పొద్దు ఆడ కూర్చున్నది నేను. టీ పెట్టేదానికి లేచి భీమక్కను కూచోమన్నా. ఆమెది కుట్టు పని, మిషన్ పని కాదు. ఆమె ఏం తీయలేదు. ప్రమాదమైనాక ఈ మూత మళ్ళీ బిగించినారు. రక్తం కడిగింది నేను. మీరు పోయినాక రేపు మళ్ళీ విప్పుతారు."

శేషన్న లేచి నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టర్ చెయ్యెత్తి ఆయన్ను కూర్చోమన్నాడు. కళ్ళజోడు తీసి శిరీన్‌ను చూశాడు. "అమ్మా, యూనిట్ నీ పేరు మీద ఉంది. నేను ఇది రాసుకుంటే కేసు నీ మీదికే వస్తుంది, మీ ఆయన మీదికి రావడం తర్వాత సంగతి. తెలిసే చెబుతున్నావా?"

"నోటీసు చదివినా సార్" అంది శిరీన్.

ఆయన గుమాస్తాకు చెబుతుంటే గుమాస్తా రాశాడు. రాయడం అయ్యాక సంతకం కోసం కాగితం, పెన్ను ఆమె ముందుకు జరిపాడు. శిరీన్ పెన్ను పట్టుకోలేదు. కాగితం తీసుకొని మొదటినుంచీ చదవడం మొదలుపెట్టింది. ఎండ రేకుల మీద పడి పైన టిక్కుటిక్కుమంటోంది. నలుగురు మగవాళ్ళు కుర్చీల్లో ఎదురుచూస్తున్నారు. ఆమె తొందరపడలేదు. చదివి, ఒకచోట వేలు పెట్టింది.

"ఈడ వృత్తి కాడ గృహిణి అని రాసినారు సార్. కొట్టేసి యజమాని అని రాయండి."

గుమాస్తా ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. ఆయన రాయమన్నట్టు తలూపాడు.

ఆ మధ్యాహ్నమే మిషన్‌కు నడపొద్దని కాగితం అంటించి, కరెంటు తీసేసి పోయారు. శిరీన్ అనుకున్నట్టు ఎవరూ కొట్టలేదు, అరవలేదు. నిస్సార్ ఆమె పెట్టిన అన్నం ముట్టలేదు, బజారులో తినొచ్చేవాడు. ఎదురుపడితే పక్కకు జరిగి పోయేవాడు. షమా మాత్రం ఒక పొద్దున జడ వేయించుకుంటూ "నిన్ను తీసుకపోతారామ్మా?" అని అడిగింది. తెలీదని శిరీన్ చెప్పలేకపోయింది. "పిలిస్తే పోయి చెప్పొస్తా" అంది.

అంతకంటే గట్టి దెబ్బ బయటినుంచి తగిలింది. మూడో రోజు నాగజ్యోతి వచ్చి గుమ్మం ముందు నిలబడింది. కుట్టేవాళ్ళలో ఆమే మాటకారి. "నీకు ధైర్యం వచ్చిందని మా పొయ్యిలు ఆర్పేస్తివే శిరీనమ్మా" అంది. భీమక్క కూడా ఆసుపత్రి నుంచి వచ్చాక సంతోషపడలేదు. నా ఏలిముద్ర అబద్దమని తేల్చేస్తివి, ఇప్పుడు శేషన్నకు నేను ఏమి మొకం చూపించల్ల అని ముఖం తిప్పుకుంది. నిజం చెబితే ఎవరో ఒకరైనా మెచ్చుకుంటారని లోపల ఎక్కడో శిరీన్ అనుకుంది, అది అప్పుడే ఆమెకు తెలిసింది. నాలుగు రోజులు తిండి సయించలేదు. తప్పు చేశానా అని తనను తానే అడిగింది. ప్రతిసారీ హర్షిణి వేళ్ళు గుర్తొచ్చేవి, ప్రశ్న సగంలో ఆగిపోయేది.

వారం దాటాక మదార్ బీ మొదటిసారి నోరు విప్పింది. కోడలి వైపు చూడకుండా, గోడకు చెప్పినట్టు అడిగింది. "దానికి కుడిచెయ్యి కదా పోయింది. అన్నం ఎవురు కలిపి పెడతాండారు?"

"కూతురు పెడతాంది అత్తా."

ఆ పూట తనే లేచి నాలుగు రొట్టెలు గుడ్డలో మూటకట్టి గడప దగ్గర పెట్టింది.

ఆ పొద్దే శిరీన్ షెడ్డులోకి పోయి మిషన్‌కు అంటించిన కాగితం చదివింది. ఆపమన్నది మిషన్‌ను. కుట్టుపనిని కాదు. ఏకిన దూది ఎక్కడైనా దొరికితే ఆడవాళ్ళు కుట్టుకోవచ్చు. దూది ఆదోని నుంచి వస్తుందని తెలుసు, ఎవరి దగ్గరినుంచో సంచుల మీద పేరు చూసి తెలుసు. మరునాడు పొద్దున్నే వంట ముగించి, కాగితాలన్నీ సంచిలో పెట్టుకొని బస్సెక్కింది. అంత దూరం ఒక్కతే పోవడం అదే మొదలు. టికెట్టు తీసుకున్నాక కూడా రెండుసార్లు దిగిపోదామనుకుంది. దూది మిల్లులో మేనేజరు పైనుంచి కిందికి చూసి, నిస్సార్ రాలేదా అన్నాడు. "యూనిట్ నాది సార్. కాగితాలు చూడండి" అంది. ఏకిన దూది పలచగా ఉంటే వద్దని, ఏ రకం కావాలో వేళ్ళతో నలిపి చూపించింది. అప్పుడాయన కూర్చోమన్నాడు. మాట్లాడి, సరుకు పంపుతాను, పరుపులు అమ్మాక డబ్బు ఇవ్వమన్నాడు.

సరుకు వచ్చిన రోజు నాగజ్యోతి ముందుగా వచ్చింది. చాప పరుచుకొని సూది ఎక్కించుకుంది. హాస్టలు ఆర్డరు సగం చేజారిపోయింది. మిగిలిన సగం ఇంటి వరండాలో కుట్టారు. భీమక్కకు పరిహారం కోసం ఆఫీసులో పెట్టిన అర్జీ శిరీన్ స్టేట్‌మెంట్ వల్లే నిలబడిందని ఇన్‌స్పెక్టర్ గుమాస్తా చెప్పాడట. ఆ సంగతి చెప్పడానికి హర్షిణి వచ్చింది. భీమక్క రాలేదు. ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో తెలియదు. హర్షిణి కాలేజీకి మాత్రం పోతోంది. కేసు ఇంకా నడుస్తూనే ఉంది. వాయిదా ఉన్నప్పుడల్లా శిరీన్ ఇస్త్రీ చీర కట్టుకొని కోర్టుకు పోయి, పిలిచేదాకా బెంచీ మీద కూర్చొని వస్తుంది. ప్రతిసారీ ముందురోజే కాగితాలు రెండుసార్లు సర్దుకుంటుంది. భయం పోయేది కాదని, దాన్ని వెంటబెట్టుకొనే పోవాలని ఆమెకు ఇప్పుడు తెలుసు.

రెండు నెలలకు మిషన్ నడుపుకోవచ్చని కాగితం వచ్చింది. మూత తెరిస్తే మోటరు దానంతటదే ఆగిపోయే స్విచ్చి పెట్టించాలన్నారు, ఏసేపు పెట్టాడు. ఆ రోజు పొద్దున ఆమె, ఏసేపు, కుట్టేవాళ్ళు షెడ్డులో ఉండగా నిస్సార్ వచ్చాడు. చాలా రోజుల తర్వాత ఆమె దగ్గరికి నేరుగా నడిచి వచ్చాడు. చిక్కిపోయాడు. గడ్డం మాసింది. చేతిలో టైపు చేసిన కాగితాలున్నాయి.

"అయ్యిందేదో అయ్యింది" అన్నాడు. "ఇంగ ఈ కోర్టులు, ఆఫీసులు నీకెందుకు. శేషన్న రాయించినాడు. యూనిట్ నా పేరు మీదికి మార్చుకుందాం. సంతకం పెట్టు, నీకూ నెమ్మది."

శిరీన్ తీసుకుంది. అక్కడే నిలబడి చదివింది. నాలుగు పేజీలు. ఆయన మాటల్లో అబద్ధమేమీ లేదు, ఆయనకు నిజంగానే నెమ్మది కావాలి. ఆమెకూ కావాలి. ఒక్క సంతకంతో కోర్టు బెంచీ, వాయిదాల భయం, అన్నీ పోతాయి. మళ్ళీ ఏమీ తెలియని మనిషి కావచ్చు. కాగితాలు మడిచి ఆయన చేతికే ఇచ్చింది.

"చదివినా. పెట్టను."

నిస్సార్ అందరి వైపూ ఒకసారి చూశాడు. పనివాళ్ళ ఎదుట ఆయన ముఖం నల్లబడింది. "నేను ఇంట్లోంచి పొమ్మంటే యాడికి పోతావు?" అన్నాడు.

పద్దెనిమిదేళ్ళుగా ఆ ప్రశ్న ఎవరూ అడక్కుండానే ఆమె దానికి భయపడుతూ వచ్చింది. అడిగేశాక అది అంత పెద్ద ప్రశ్నగా అనిపించలేదు.

"ఇల్లు నీ పేరు మీద ఉండాది. షెడ్డు నా పేరు మీద ఉండాది" అంది శిరీన్. "పొమ్మంటే ఈడికే వస్తా."

అని, వంగి మూత బోల్టులు ఒక్కొక్కటీ చేత్తో తాకి చూసుకొని, స్విచ్చి వెయ్యమని ఏసేపుకు చెప్పింది.